బామ్మర్ది చేతిలో తాడు

ఆళ్ళగడ్డలో దేవుడి విగ్రహాలు చెక్కే రాళ్ళ షెడ్డులో ఇస్సాకు కట్టిన ముడి ఊడిందన్న మనిషి ఇంకా పుట్టలేదు. దేవుడే దిగొచ్చి పళ్ళతో లాగినా అది ఊడదని మేస్త్రీ అనేవాడు. ఆ షెడ్డులో దేవుళ్ళకు కొదవ లేదు గనక, ఒకరిద్దరు లాగి చూసి, పళ్ళు నొప్పెట్టి, మళ్ళీ రాళ్ళలోకి వెళ్ళిపోయే ఉంటారు.

ఆ మంగళవారం ఎండ ఎలా ఉందంటే, కాకి కూడా తన నీడను నేల మీద పడేయడానికి భయపడి రెక్క కింద పెట్టుకుని ఎగిరింది. షెడ్డు ముందు లారీ ఉంది. లారీ మీదికి ఎక్కాల్సిన ఆంజనేయుడు ఉన్నాడు. గొలుసు కప్పీ దగ్గర నలుగురు మనుషులున్నారు. ఇస్సాకు మాత్రం ఎవరినీ తొందరపడనివ్వడం లేదు. తాడు రాయి అంచుకు తగిలేచోట గోనెసంచి మడిచి పెట్టాడు. ఆంజనేయుడి తోక కింద ఇంకో మడత పెట్టాడు. తర్వాత అరచేయి తాడు మీద ఆనించి, డాక్టరు రోగి ఛాతీని విన్నట్టు విన్నాడు.

"ఏమంటాందప్పా తాడు?" అన్నాడు కప్పీ దగ్గరున్నవాడు, నవ్వుతూ.

"నీ మాదిరి వాగకుండా ఉంటే లేస్తానంటాంది. లాగండి!"

ఆంజనేయుడు గాల్లో ఉండగా ఇస్సాకు జేబులో ఫోను మోగింది. అతను తియ్యలేదు. మళ్ళీ మోగింది. రాయి లారీలో కూర్చున్నాక, చేతులు పంచెకు తుడుచుకుని తీశాడు. నంద్యాల నుంచి కూతురు ఫెబా.

"నాయనా, నిన్నూ అమ్మనూ ఆఫీసుకు రమ్మంటాండారు. ఈ పొద్దే."

"ఎందుకంట?"

"మనం చెంచులం కాదని ఎవరో ఉత్తరం రాసినారంట." ఫెబా ఆగకుండా చెప్పుకుపోయింది. "శనివారం లోపల సర్టిఫికెట్ ఇయ్యకుంటే నర్సు ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు నాయనా."

నంద్యాల ఆఫీసులో ఆ విచారణ చేసే ఆయన పేరు సుందరరాజు. ఆయన తల మీది ఫ్యాను ఎంత నిదానంగా తిరుగుతోందంటే, ఒక సాలెపురుగు దాని రెక్క మీద కాపురం పెట్టి మనవళ్ళను కూడా ఎత్తింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఎండకు ఉడికిపోయిన మనిషి, ముందు ఫైళ్ళ గుట్ట ఉన్న మనిషి.

"పేరు?"

"ఇస్సాకు సార్."

"బిడ్డ పేరు?"

"ఫెబా."

"ఇంటామె?"

"ఈరమ్మ," అని ఈరమ్మే చెప్పింది, భర్త కంటే ముందు.

సుందరరాజు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ముగ్గురిలో ఒక్కరికే కొండ పేరు ఉందే."

"మా నాయన పెట్టిన పేరు చిన్న మల్లయ్య సార్. బాప్తిస్మంలో ఇస్సాకు అయినా."

"మతం అడ్డం గాదులేప్పా. ఆ మాట నేను చెప్పేది గాదు, చట్టమే చెప్తాంది. కానీ మీ ఆచారం మీకు తెలుసునా, మీ గూడెమోళ్ళు నిన్ను తమోడనుకుంటాండారా, అది నేను చూసి రాయాల. ఉత్తరం వచ్చింది గదా, ఊరికే కూసోలేను. గూడెం పెద్ద ముందరికొచ్చి, వీడు మావాడని వేలిముద్ర ఏస్తే నా పని అయిపోతాది. ఎవరు పెద్ద?"

ఈరమ్మ చూపు గోడ మీది క్యాలెండరుకు పోయింది.

"గంగయ్య సార్," అన్నాడు ఇస్సాకు. "నా బామ్మర్ది."

సుందరరాజు పకపకా నవ్వాడు. "ఇంకేంది మరి! ఇంట్లో పనే గదా!"

మరునాడు తెల్లారగానే ఇస్సాకు తమ్ముడు యోబు తన ఆటోలో వాళ్ళను రోడ్డు ఆగిపోయేదాకా తీసుకుపోయాడు. యోబు నంద్యాలలో ఆటో తోలతాడు. పాలు తాగే వయసులో చిన్నమ్మ వెంట కొండ దిగి, అక్కడే పెరిగినవాడు. కొండ మీది చెట్లలో వేపచెట్టూ చింతచెట్టూ తప్ప మూడో చెట్టు పేరు తెలియదు. కానీ అన్న అంటే ప్రాణం పెడతాడు. ఆటో వెనక అద్దం మీద 'అన్న దీవెన' అని రాయించుకున్నాడు, దాని కింద ఏసు బొమ్మ.

యోబును ఆటో దగ్గరే ఉంచి, ముగ్గురూ గూడేనికి రెండు గంటలు నడిచారు. ముందు ఈరమ్మ. పుట్టింటి దారి ఎక్కితే ఆమె కాళ్ళకు వయసు తగ్గుతుంది. ఆ దారిలో ఆమె ఏదో ఒకనాడు తన పెండ్లి వయసు కూడా దాటి వెనక్కి పోయి, ఉయ్యాల్లో పడుకుంటుందని ఇస్సాకుకు భయం.

గంగయ్య గుడిసె ముందు వెదురు చీలుస్తున్నాడు. కొడవలి మొన వెదురు నడినెత్తిన పెట్టి, ఒక్క దెబ్బ కొట్టి, తర్వాత మోకాలు ఆనించి చీలికను జారుస్తూ పోతున్నాడు. వెదురు పట్టుచీర చిరిగినట్టు చిరుగుతోంది. తల ఎత్తి అక్కను చూశాడు. ఫెబాను చూశాడు. ఇస్సాకును చూడలేదు.

"రా అక్కా. రా బిడ్డా, కూసో. ఎండలో వచ్చినారే." మళ్ళీ కొడవలి తీసుకున్నాడు. "ఆళ్ళగడ్డాయనకు కూడా నీళ్ళియ్యండి ఎవరన్నా."

ఈరమ్మ కూర్చోలేదు. ఉత్తరం సంగతి, ఆఫీసు సంగతి, శనివారం సంగతి నిలబడే చెప్పింది.

గంగయ్య చివరిదాకా విన్నాడు. "నువ్వు మా ఆడబిడ్డవు. ఫెబా నా మేనకోడలు. ఎవరు అడిగినా చెప్తా."

"తండ్రి జాతే రాస్తారంట మామా," అంది ఫెబా.

"అయితే నేను చెప్పలేను బిడ్డా. లేనిది ఉందని సాక్ష్యం చెప్పే మనిషిని గాదు నేను."

ఈరమ్మకు నవ్వొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఎందుకంటే గంగయ్య ఆ కొండ మీద ఎలాంటి మనిషంటే, ఎలుగుబంటికి జలుబు చేస్తే తేనెలో మిరియాలు నూరి తానే పట్టించానని, అది తుమ్మిన తుమ్ముకు మూడు కొండల అవతల కోతులు చెట్ల మీది నుంచి రాలిపడ్డాయని, వచ్చినవాళ్ళందరికీ ఒట్టు పెట్టి చెప్పేవాడు.

"ఎలుగ్గొడ్డుకు మందు తాగించినానని వెయ్యి మందికి చెప్పినావు గదరా! నా బిడ్డ కోసరం ఒక్క నిజం చెప్పలేవా?"

"ఎలుగ్గొడ్డు కత అబద్దమని ఎవరన్నారు?" గంగయ్య నిజంగానే నొచ్చుకున్నాడు. కొడవలి కింద పెట్టి రెండు అరచేతులూ అక్క ముందు చాపాడు. "ఇవి చూడు. ఈయప్ప కొండ దిగి ఏడు ఎండాకాలాలు పోయినాయి. ఒక్కతూరన్నా, రారా గంగయ్యా, తేనెకు పోదాం, వచ్చి నా తాడు పట్టుకో అని పిలిచినాడా ఈయప్ప? గూడెంలో ప్రతి మొగోనికీ బావ ఉండాడు, తాడు పట్టుకుంటాండారు. నాకూ బావ ఉండాడు. ఆయప్ప ఆళ్ళగడ్డలో రాళ్ళకు తాళ్ళు కడతాండాడు. అక్క మొగుడు బతికుండంగానే నా చేతులు కాళీ. మావాడని యా నోటితో చెప్పేది?"

ఎవరో తెచ్చిచ్చిన నీళ్ళ చెంబును ఇస్సాకు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. చెంబు గుమ్మం పక్కన పెట్టి, దారి పట్టాడు.

దిగేటప్పుడు సిగ్నలు వచ్చిన చోట ఫెబా ఆఫీసుకు ఫోను చేసింది. సాక్ష్యం దొరకలేదని చెప్పింది. సుందరరాజు అవతల ఎవరికో ఫైలు తెమ్మని చెప్పాడు. తర్వాత, "మీ నాయనకు తేనె దించేది వస్తాదా?" అని అడిగాడు.

"వస్తాది సార్! వాళ్ళ నాయన నేర్పించినాడు."

"అయితే శుక్రవారం నేనే వస్తా. కొండ మీద దిగి చూపించమను. వీడియో తీసుకోని రాసేస్తా. అంతకన్నా నా చేతిలో ఏమీ లేదమ్మా."

గురువారం ఇస్సాకు ఇంటి దూలానికి వేలాడుతున్న తాడును దించాడు. అడవి నారతో తండ్రి పేనిన తాడు. ఏడేళ్ళుగా దాని మీద ఈరమ్మ చీరలు ఆరేస్తోంది, ఎలుకలు దాన్ని నంద్యాల రైలు మార్గంలా వాడుకున్నాయి, అయినా ఒక్క పోగు తెగలేదు. నీళ్ళ తొట్టిలో నానబెట్టాడు. మూరమూరకూ వేళ్ళతో తడుముతూ పోయాడు. సాయంత్రం షెడ్డుకు తీసుకుపోయి, ఇంకా కళ్ళు చెక్కని రాతి సింహాన్ని దానికి కట్టి, కప్పీ మీద వేలాడదీశాడు. సింహం అరగంట గాల్లో తిరిగింది. తాడు కిర్రుమనలేదు.

"గట్టిగుందా?" అంది ఈరమ్మ, ఇంటికి రాగానే.

"ఉంది."

"ఎవరు పట్టుకుంటారు?"

ఇస్సాకు అన్నం కలుపుతూ ఉండిపోయాడు.

"నేను పట్టుకుంటా గదా!" అన్నాడు యోబు, గుమ్మంలో నుంచి. అప్పుడే ఆటో ఆపి వచ్చాడు. "నేనుండంగా ఇంకొకరు ఎందుకన్నా? ఆటో తోలి తోలి ఈ చేతులు ఎట్లయినాయో చూడు. హ్యాండిలు పీకి ఇచ్చెయ్యమన్నా ఇచ్చేస్తా."

ఈరమ్మ భర్త ముఖంలోకి చూసింది. ఇస్సాకు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. వద్దని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే, అది ఆ ఇంట్లో, ఆ తమ్ముడి ముందు నోరు తెరిచి చెప్పే మాట కాదు.

శుక్రవారం పొద్దున్నే ఆరింటికి రమ్మంటే సుందరరాజు పదింటికి వచ్చాడు. కొండ ఎక్కేసరికి ఆయన చొక్కా పిండితే ఒక మడి తడిసేది. బండ అంచున గూడెం సగం చేరింది. కొంచెం ఎడంగా, ఒక రాతిగుండు మీద గంగయ్య కూర్చుని పుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు. ఊరికే చూడ్డానికి వచ్చానన్నట్టు అటు తిరిగి కూర్చున్నాడు.

బండ కింద పది నిలువుల లోతున తేనెతుట్టె వేలాడుతోంది, నల్లగా, బతికి ఉన్న గోనెసంచిలా. ఎండ ముదిరి తేనెటీగలు అప్పటికే చిరాకు మీద ఉన్నాయి. ఈరమ్మ పచ్చి ఆకుల కట్టకు నిప్పు ముట్టించి పొగ కిందికి వదిలింది. ఇస్సాకు తాడు ఒక కొసను అంచు మీది చెట్టు మొదలుకు కట్టాడు. షెడ్డులో కట్టే ముడి కాదు, తండ్రి ముడి. అంచుకు తాడు ఒరుసుకోకుండా పెట్టే జింకతోలు లేక, గోనెసంచి మడిచి పెట్టాడు. నడుముకు కట్టుకున్నాడు. కత్తి దోపుకున్నాడు. గంప భుజానికి వేసుకున్నాడు.

సుందరరాజు ఫోను ఎత్తి పట్టుకున్నాడు. "రెడీనా? తాడు ఎవరు పట్టుకుంటారు?"

"నేను సార్," అని యోబు ముందుకొచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెట్టు మొదట్లో కాళ్ళు తన్నిపెట్టి కూర్చుని, తాడును రెండు చేతులా పట్టాడు. "దిగన్నా. ఏసు నామంలో దిగు."

గూడెం వాళ్ళలో గుసగుస లేచింది. ఒక ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇస్సాకు బండ వైపు ముఖం పెట్టి, వెనక్కి వంగి, ఒక కాలు అంచు దించాడు. బొటనవేలు రాయిలో గీత వెతికింది, దొరికింది. రెండో కాలు దించాలి. రెండో కాలు రాలేదు. అతను ఎత్తుతున్నాడు, అది కదలడం లేదు. అరచేయి తాడు మీద పెట్టాడు. తాడు గట్టిగానే ఉంది. ముడి గట్టిగానే ఉంది. ముడికి ఇవతల రెండు చేతుల బరువు ఉంది, అవి తన తమ్ముడి చేతులు.

'తమ్మునికి ఇల్లియ్యి, పొలమియ్యి, కడుపులో పేగు అడిగితే అదీ ఇయ్యి. తాడు మాత్రం ఇయ్యొద్దు.' తనకు పదేళ్ళ వయసులో తండ్రి ఇదే బండ మీద చెప్పిన మాట. అన్న బండ మీది నుంచి పడి పోతే, గూడెం లెక్కలో వదిన ఆ తమ్ముడికే పెండ్లామై వాడి గుడిసెకు పోతుంది. అందుకే తాడు పెండ్లాం అన్నదమ్ముల చేతిలోనే ఉండాలి. వాళ్ళ చెయ్యి జారితే తెగేది వాళ్ళ తోబుట్టువు తాళి. యోబుకు నంద్యాలలో పెండ్లాం ఉంది, ఇద్దరు బిడ్డలున్నారు. అన్నకు ముల్లు గుచ్చుకుంటే ఏడ్చే మనిషి. అదంతా ఇస్సాకు తలకు తెలుసు. కాలికి తెలియదు.

"ఏందప్పా, దిగు," అన్నాడు సుందరరాజు.

"నాయనా, దిగు నాయనా." ఫెబా.

ఇస్సాకు కాలు పైకి తీసుకున్నాడు. అంచు మీద కూలబడ్డాడు. "నా చేత గాదు సార్."

"భయమా?"

"కాదు."

"మరి ఏంది? చెట్టుకు కట్టినావు, సొంత తమ్ముడు పట్టుకున్యాడు. ఇంతకన్నా ఏం గావాల నీకు?"

ఇస్సాకు తల ఎత్తలేదు. యోబు తాడు పట్టుకునే ఉన్నాడు. వాడి ముఖంలో రంగు మారింది. "నేను వదిలేస్తానా అన్నా నిన్ను?" అన్నాడు, ఆటో తోలే గొంతు కాదది, చిన్నప్పటి గొంతు. "నన్ను నమ్మవా?"

దానికి జవాబు ఉంది. గూడెంలో ప్రతి ఒక్కరికీ తెలిసిన జవాబు.

సుందరరాజు నిట్టూర్చి ఫోను జేబులో పెట్టుకుని ఫైలు తెరిచాడు. "తేనె దించుట రాదు అని రాస్తాండా. ఏమనుకోవాకమ్మా," అన్నాడు ఫెబాతో. ఫెబా ముఖం చేతుల్లో దాచుకుంది. తండ్రి మీద ఇంత కోపం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక రాలేదు.

అప్పుడు గుండు మీది నుంచి గంగయ్య పుల్ల తుపుక్కున ఉమ్మేశాడు. లేచాడు. నడిచి రాలేదు, కొండ మీది నుంచి గుండే దొర్లి వచ్చినట్టు వచ్చాడు.

"లెయ్‌రా!" అన్నాడు యోబుతో. "లేసి అవతలికి పో. తమ్మునివై పుట్టి తాడు పట్టుకుంటావా? నీకు చెప్పినోళ్ళు లేరా?"

"నేనేం తప్పు చేసినాను?"

"తప్పు నీది గాదు. కొండది. కొండ నీకు నేర్పించకముందే దిగిపోతివి." తాడు యోబు చేతుల్లోంచి తీసుకున్నాడు. చెట్టు మొదట్లో కూర్చున్నాడు, కాళ్ళు తన్నిపెట్టాడు. తాడును వీపు వెనక నుంచి తిప్పి, మోచేతికి ఒక చుట్టు చుట్టి, ఏడేళ్ళుగా ఖాళీగా ఉన్న అరచేతుల్లోకి తీసుకున్నాడు. ఇస్సాకు వైపు అప్పటికీ చూడలేదు. బండ అంచునే చూస్తూ అన్నాడు, "ఊఁ."

ఇస్సాకు లేచాడు. బండ వైపు తిరిగాడు. ఒక కాలు దించాడు. రెండో కాలు దానంతట అదే వచ్చింది.

కిందికి దిగేకొద్దీ పైన మాటలు పొగలో నుంచి వచ్చినట్టు వినిపించాయి. ఈగలు లేచాయి. చెవుల పక్కన ఒక రైలు పోతున్నట్టు రొద. ఒకటి మెడ మీద కుట్టింది. ఇంకోటి కనురెప్ప మీద. 'ప్రభువా' అనుకున్నాడు. అనుకుంటూనే చెయ్యి వెళ్ళి తుట్టె పక్కనున్న రాయిని తాకి నుదుటికి ఆనింది. తండ్రి చెయ్యి అలాగే చేసేది. రెంటిలో ఏది ముందు జరిగిందో ఆ తర్వాత ఎంత ఆలోచించినా అతనికి తెలియలేదు.

"ఇదిగో పెద్దాయనా!" పైన సుందరరాజు గొంతు. "నువ్వు గంగయ్యవే గదా? ఈయప్ప మావాడు గాడని మొన్న నువ్వే అంటివంట గదా?"

"అన్నా."

"మరి ఇప్పుడు?"

"తాడు పట్టుకున్యా గదా. ఇంకేం చెప్పాల?"

తర్వాత ఫైలు కాగితాలు తిప్పిన చప్పుడు. "తాడు పట్టుకుంటే... ఓహో. పెండ్లాం తమ్ముడే పట్టుకోవాలనా మీలో? అందుకేనా ఈయప్ప..." ఆ మాట సగంలో ఆగిపోయింది. సుందరరాజుకు తను రాసిన మొదటి వాక్యం కనిపించి ఉంటుంది. గీత కొట్టేసిన శబ్దం, అంత లోతులో కూడా, ఇస్సాకు విన్నాననే ఆ తర్వాత ఒట్టు పెట్టి చెప్పేవాడు. "సరే, అయితే ఈడ వేలిముద్ర ఎయ్యి. ఇంకు తెచ్చినా. బేగా ఎయ్యి, ఈగలొస్తాండాయి."

"ఇప్పుడు కాదు సార్."

"ఒక్క వేలే గదయ్యా! చెట్టుకు కట్టుండాది గదా తాడు. చెట్టు పట్టుకుంటాదిలే ఒక నిమిషం."

"చెట్టుకు అక్క లేదు సార్," అన్నాడు గంగయ్య. "నాకుంది. ఆయప్ప పైకొచ్చేదంకా కూసో."

గూడెం అంతా నవ్వింది. ఆ నవ్వులో ఈరమ్మ నవ్వు వేరుగా వినిపించింది. ఈగలు నాలుగు పైకి పోయి ఉంటాయి, సుందరరాజు కెవ్వుమన్నాడు. "ఈ దుప్పటి కప్పుకోండి సార్, ఈడ కూసోండి," అంటోంది ఫెబా.

ఇస్సాకు తుట్టెలో తేనె ఉన్న కొసను కోసి గంపలోకి దించాడు. పిల్లలున్న సగాన్ని ఈగలకు వదిలేశాడు. కత్తి తుడిచి దోపుకున్నాడు. అక్కడి నుంచి చూస్తే కొండ దారి అంతా కనిపిస్తుంది, చివర్న యోబు ఆటో అగ్గిపెట్టెలా. దారిలో యోబు ఒక్కడే దిగిపోతున్నాడు. చెమట తుడుచుకుంటున్నాడో, కళ్ళు తుడుచుకుంటున్నాడో, మోచెయ్యి ముఖం మీదికి లేచి దిగుతోంది. వెనక్కి తిరగలేదు. ఇస్సాకు పిలుద్దామని నోరు తెరిచాడు. గాల్లో వేలాడుతూ చెప్పగలిగే మాట ఒకటీ దొరకలేదు. నేల మీదికి వచ్చాకైనా దొరుకుతుందో లేదో.

యోబు మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా చూశాడు. కన్ను వాచి మూసుకుపోతోంది. అరచేయి తాడు మీద పెట్టాడు. పైన రెండు చేతులున్నాయి. అవి అలిసిపోయాయి, అయినా వదలడం లేదు.

పైకి వస్తానన్నట్టు తాడును ఒకసారి గుంజాడు.

"ఓ బావా!" పైనుంచి గంగయ్య కేక, ఏడేళ్ళ తర్వాత. "నిదానంగా రా! తొందరేం లేదు. సారు యాడికీ పోడు!"